ఆలూరు కచేరీ నుంచి లండన్ కోర్టు దాకా: చిత్రహింసకు జవాబు చెప్పాల్సింది ఎవరు?

గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక బిట్ కంఠతా వచ్చు. 1800లో నిజాం దత్త మండలాలు కంపెనీకి ఇచ్చేశాడు, థామస్ మన్రో కలెక్టర్‌గా వచ్చాడు, రైత్వారీ పెట్టాడు. ఆయన 1827 జులై 6న కలరాతో చనిపోయింది మన పక్కనున్న పత్తికొండలోనే. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ శిస్తుని రైతు దగ్గర ఎట్ల రాబట్టారు అన్నది మాత్రం మేము చదివిన కోచింగ్ మెటీరియల్‌లో ఎక్కడా కనపడలేదు. దాని మీద లండన్ పార్లమెంటులో గొడవైంది, మద్రాసులో ఒక కమిషన్ కూర్చుంది, 1855లో ఒక రిపోర్టు అచ్చైంది. ఆ కథే ఈ పోస్టు. పొడుగుంది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

ముందు ఒక సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఇప్పుడు మన ఆలూరు కర్నూలు జిల్లా. కానీ 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఇప్పటికీ మనకు కర్నూలు కన్నా బళ్లారే దగ్గర. కాబట్టి పాత కాగితాల్లో మన ఊళ్ల చరిత్ర వెతకాలంటే 'బళ్లారి' అనే పేరు కింద వెతకాలి. కర్నూలు వేరే కథ, అది 1839 దాకా నవాబు కింద ఉండేది.

ఇక విషయానికి వస్తే, కంపెనీ పాలనలో 1816 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక వింత ఏర్పాటు ఉండేది. శిస్తు వసూలు చేసే తహసీల్దారే పోలీసు పెద్ద. శిస్తు లెక్క చూసే కలెక్టరే మేజిస్ట్రేటు. అంటే బకాయి కట్టలేదని మిమ్మల్ని కొట్టించేది తహసీల్దారు. కొట్టారని ఫిర్యాదు చేయాలంటే పోవాల్సింది అదే తహసీల్దారు దగ్గరికి. ఆయన వినకపోతే కలెక్టరు. ఆయనకు ముందు కావాల్సింది ఆ ఏటి వసూలు. వాన పడని మన సీమలో బకాయి లేని రైతు ఎవరుంటారు చెప్పండి?

కొట్టడానికి వాళ్లకు పద్ధతులుండేవి. రిపోర్టులో మొదట చెప్పే పేర్లు రెండు. ఒకటి కిట్టి. రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే పరికరం. దీన్ని తెలుగులో 'చిరట' అంటారని రిపోర్టులోనే ఉంది. రెండోది అనుందాల్. మనిషిని వంచి, మెడకు కాలి బొటనవేలికి తాడు కట్టి అట్లే ఉంచడం. ఇవి కాక ఎండలో నిలబెట్టడం, వంగోబెట్టి వీపు మీద రాయి పెట్టడం, తిండికీ కాలకృత్యాలకూ పోనీయకపోవడం, చెవులు మెలిపెట్టడం, తొడలు గిల్లడం, ఇద్దరి జుట్లు ముడేయడం, జుట్టును గాడిద తోకకో ఎనుము తోకకో కట్టడం, కళ్లలో మిరపపొడి కొట్టడం, బొడ్డు మీద పురుగును పెట్టి కొబ్బరి చిప్ప బోర్లించడం. ఇంకా ఉన్నాయి, రాయలేము. వంగోబెట్టి వీపు మీద రాయి పెట్టే శిక్ష మన అవ్వతాతల కాలం బడుల్లో కూడా ఉండేదని వినే ఉంటారు. కచేరీ నుంచి బడికి వచ్చిందో, బడి నుంచి కచేరీకి పోయిందో మరి.

ఇది లండన్‌కి ఎట్ల చేరింది? ఇందులో ఒక తెలుగాయన పాత్ర ఉంది, మనం గుర్తు పెట్టుకోవాల్సిన పేరు. గాజుల లక్ష్మీనరసు చెట్టి. మద్రాసులో వ్యాపారి, 'క్రెసెంట్' పత్రిక నడిపిన మనిషి, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టినాయన. ఆ సంఘం శిస్తు బాధల మీద పార్లమెంటుకు అర్జీ పంపింది. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చినప్పుడు చెట్టిగారు ఆయన్ని వెంటబెట్టుకుని తిప్పి, రైతుల మాటలు ఆయన చెవిన పడేట్టు చేశారు. 1854 జులైలో కామన్స్ సభలో మద్రాసు శిస్తు విధానం మీద చర్చ వచ్చింది. అక్కడ సేమూర్ లేచి, శిస్తు కోసం మనుషుల్ని హింసిస్తున్నారు అన్నాడు. జాన్ బ్రైట్ గొంతు కలిపాడు. కంపెనీ పక్షం వాళ్లు అట్లాంటిది ఏమీ లేదన్నారు. మాట బయటపడ్డాక విచారణ వేయక తప్పలేదు.

1854 సెప్టెంబర్‌లో మద్రాసు ప్రభుత్వం ముగ్గురితో కమిషన్ వేసింది. ఇలియట్, స్టోక్స్, బారిస్టర్ జాన్ బ్రూస్ నార్టన్. మొదట శిస్తు హింస ఒక్కటే చూడమన్నారు. తర్వాత పోలీసులు పెట్టే హింసను కూడా కలిపారు. గడిచిన ఏడేళ్లలో జరిగినవే తీసుకోవాలన్నారు. కమిషన్ కూర్చున్నది మద్రాసులో. మద్రాసులో మొదటి రైలు నడిచింది 1856లో, అంటే ఇది జరిగేటప్పటికి రైలే లేదు. బళ్లారి నుంచో, కడప నుంచో పోవాలంటే కాలినడక, లేదా ఎద్దుల బండి. అట్లాంటి రోజుల్లో 519 మంది స్వయంగా వచ్చి చెప్పుకున్నారు, 1,440 మంది ఉత్తరాలు రాసి పంపారు. మొత్తం 1,959 ఫిర్యాదులు. రాయడం రానివాళ్లు రాయించుకోవాలి, రాసిపెట్టే కరణం కూడా తరచుగా అదే కచేరీ మనిషి. ఆ లెక్కన రాని ఫిర్యాదులు ఎన్ని ఉంటాయో ఊహించుకోండి.

1855 ఏప్రిల్‌లో రిపోర్టు ఇచ్చారు. హింస నిజమే అన్నారు, శిస్తుకూ పోలీసు పనికీ రెండింటికీ వాడుతున్నారన్నారు. న్యాయం దొరకడం ఎంత కష్టమో చూసి తామే బాధపడ్డామని రాసుకున్నారు. ఇంతవరకు మెచ్చుకోవచ్చు. కానీ తప్పు ఎవరిది అన్న దగ్గరికి వచ్చేసరికి చూడండి. బంట్రోతులు, శేరిస్తదార్లు, తహసీల్దార్లు, అంటే 'నేటివ్' నౌకర్లే దోషులు. తెల్ల కలెక్టర్లు ఇది చేయమనలేదు, ఫిర్యాదుదారులు కూడా తోటి నేటివ్‌ల నుంచి కాపాడమనే అడుగుతున్నారు అని తేల్చారు.

మేము దీన్ని ఒప్పుకోము. బంట్రోతు చేసిందాన్ని తక్కువ చేసి కాదు. చిరట పట్టుకున్న చెయ్యి మనవాళ్లదే, అది నిజం. కానీ ఈ ఏడు ఇంత వసూలు కావాలి అని కూర్చున్నది ఎవరు? ఆ వసూలు ఎట్ల వచ్చిందని అడగకుండా ఖజానాకు జమ చేసుకున్నది ఎవరు? కార్ల్ మార్క్స్ కూడా 1857 సెప్టెంబర్‌లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌లో ఈ రిపోర్టునే ముందు పెట్టి రాశాడు. అప్పుడు సిపాయిల తిరుగుబాటు నడుస్తోంది, ఇంగ్లాండు పత్రికలన్నీ సిపాయిల క్రూరత్వం మీద రాస్తున్నాయి. మీ రాజ్యం ఏం చేసిందో మీ రిపోర్టులోనే ఉంది చూసుకోండి అన్నది ఆయన వ్యాసం సారం.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత తెలిశాక, బాధ్యుడైన ఒక్క దొరనైనా లండన్‌లో కోర్టుకు ఎక్కించే చట్టం లేదా? ఉండింది. ఇదే మమ్మల్ని ఈ విషయంలోకి లాగింది.

1773 రెగ్యులేటింగ్ చట్టంలోనే, ఇండియాలో పెద్ద పదవుల్లో ఉండి చేసిన నేరాలను లండన్ కింగ్స్ బెంచ్ కోర్టులో విచారించవచ్చని ఉంది. సాక్ష్యాలు ఇక్కడే తీసుకుని అక్కడికి పంపే ఏర్పాటు కూడా రాశారు. 1802లో ఇంకో చట్టం వచ్చింది. బయటి దేశాల్లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ ఎవరు నేరం చేసినా బ్రిటన్‌లో విచారించి శిక్షించవచ్చని దాని సారం. అంటే వేరే గడ్డ మీద జరిగిన హింసను సొంత గడ్డ మీద కోర్టులో విచారించడం అనేది ఈ కాలంలో ఐక్యరాజ్యసమితి కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. రెండు వందల ఏళ్ల కిందటే వాళ్ల చట్టంలో ఉంది.

వాడారా అంటే, వాడారు, ఒకటి రెండు సార్లు. వారెన్ హేస్టింగ్స్ మీద పార్లమెంటు అభిశంసన 1788లో మొదలైంది. బెంగాల్‌లోని రంగపూర్‌లో ఇజారాదారు దేవీసింగ్ మనుషులు శిస్తు కోసం రైతుల్ని పెట్టిన హింసల గురించి ఎడ్మండ్ బర్క్ సభలో చెప్తుంటే జనం తల్లడిల్లిపోయారంటారు. ఏడేళ్లు నడిచి 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటికొచ్చాడు.

ఇంకోటి థామస్ పిక్టన్ కేసు. ఇది వివరంగా చెప్పుకోవాలి. వెస్టిండీస్‌లో ట్రినిడాడ్ అనే దీవిని బ్రిటిష్ వాళ్లు 1797లో స్పెయిన్ దగ్గర గుంజుకున్నారు. పిక్టన్ గవర్నర్ అయ్యాడు. 1801లో లూయిసా కాల్డెరాన్ అనే అమ్మాయి మీద దొంగతనం నింద పడింది. చిన్న వయసు, నల్లజాతి రక్తం కలిసిన పేద పిల్ల. ఒప్పుకోవడం లేదని ఒక చేతికి తాడు కట్టి పైకి వేలాడదీసి, కాలి కింద ఒక కొయ్య మేకు మాత్రమే ఆనేట్టు పెట్టారు. ఆ ఉత్తర్వు మీద సంతకం పిక్టన్‌ది. పిక్టన్‌తో పాటు దీవి పాలనకు వచ్చిన కర్నల్ విలియం ఫుల్లార్టన్ దీన్ని పట్టుకుని లండన్‌లో కేసు పెట్టించాడు. ఈ ఫుల్లార్టన్ అంతకుముందు మద్రాసు సైన్యంలో టిప్పు మీద యుద్ధాల్లో ఉన్న మనిషి, ప్రపంచం ఎంత చిన్నదో చూడండి. ఆ అమ్మాయి సముద్రం దాటి లండన్‌కు వచ్చి, 1806 ఫిబ్రవరి 24న కింగ్స్ బెంచ్‌లో నిలబడి సాక్ష్యం చెప్పింది. జ్యూరీ పిక్టన్‌ని దోషి అన్నది.

అక్కడితో అయిపోయుంటే బాగుండేది. పిక్టన్ లాయర్లు కొత్త విచారణ అడిగారు. ఆ దీవిలో అప్పటికి స్పెయిన్ చట్టం నడుస్తోంది, ఆ చట్టం ప్రకారం హింసించడం తప్పు కాదు, కాబట్టి గవర్నర్ స్థానిక పద్ధతినే పాటించాడు అన్నది వాళ్ల వాదన. 1808లో రెండోసారి జ్యూరీ, అక్కడి చట్టంలో హింసకు చోటుంది, గవర్నర్‌కి దురుద్దేశం లేదు అని తేల్చింది. తుది తీర్పు ఎప్పుడూ రాలేదు. పిక్టన్ 1815లో వాటర్లూ యుద్ధంలో చచ్చి వీరుడైపోయాడు. ఆ వీరుడి బొమ్మ తీసి పక్కన పెట్టాలా వద్దా అని వేల్స్ మ్యూజియం వాళ్లు ఆలోచించింది మొన్న మొన్ననే.

ఈ వాదనను 1855 రిపోర్టు పక్కన పెట్టి చూడండి. అక్కడ 'స్పెయిన్ చట్టం', ఇక్కడ 'నేటివ్ అలవాటు'. రెండు చోట్లా హింస ఆ దేశపు గుణం, దొర చేతికి అంటినది కాదు. ట్రినిడాడ్ కేసులో కనీసం గవర్నర్‌ని బోనులో నిలబెట్టగలిగారు, ఎందుకంటే ఉత్తర్వు మీద సంతకం దొరికింది. మన జిల్లాల్లో చిరట వాడమని ఎవరూ కాగితం మీద రాయరు. "వసూలు కావాలి" అని మాత్రం రాస్తారు. అందుకే 1,959 ఫిర్యాదుల తర్వాత కూడా ఏ మద్రాసు కలెక్టరూ లండన్ కోర్టు మెట్లు ఎక్కలేదు.

ఫలితం అసలు లేదని కూడా అనలేము. 1859లో మద్రాసు పోలీసు చట్టం వచ్చి, పోలీసును రెవెన్యూ నుంచి విడదీసింది. 1860 ఐపీసీలో 330, 331 సెక్షన్లు, ఒప్పుకోలు కోసమో బకాయి కోసమో దెబ్బలు కొట్టడాన్ని నేరం చేశాయి. ఉదాహరణగా, బకాయి కట్టించడానికి హింసించే రెవెన్యూ అధికారి అని స్పష్టంగా రాసి ఉంటుంది, లా చదివే వాళ్లు తీసి చూడండి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 120వ సెక్షన్. పోలీసు దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు అనే నియమం కూడా 1861 నుంచి ఉంది. అంటే పోలీసు కొట్టి ఒప్పిస్తాడని చట్టమే ఒప్పుకున్నట్టు.

మరి ఇందులో మనం ఎక్కడున్నాం? ఆ రిపోర్టు ముఖ్యంగా శిస్తు కట్టే రైతు కథ. మన తాండాల పెద్దలు అప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊర్లు తిరిగేవాళ్లు. యెరుకలవాళ్లు గాడిదల మీద అదే పని చేసేవాళ్లు. పట్టా లేదు కాబట్టి శిస్తు బకాయి లేదు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం బిగిసి, ఆ వ్యాపారం పోయింది. మద్రాసు ప్రెసిడెన్సీ కొరవల గురించి 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకం రాసిన మీనా రాధాకృష్ణ దీన్ని బాగా వివరించారు. బతుకు తెరువు పోయినవాళ్లకు తర్వాత 'నేరస్థ తెగ' అని పేరు పెట్టారు. 1871 చట్టాన్ని 1911లో మద్రాసుకూ తెచ్చారు. వేలిముద్రలు, స్టేషన్‌లో హాజరు, ఊరు దాటాలంటే చీటీ. 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు. రైతుని బకాయి కోసం కొడితే నేరం అని చట్టం రాసిన యాభై ఏళ్లకు, పుట్టుకతోనే అనుమానితులైన జనాన్ని అదే ప్రభుత్వం తయారు చేసింది. 'జై భీమ్' సినిమా చూసి అందరం ఏడ్చాం కదా. అందులో ఇరులర్లుగా చూపించారు గానీ, 1993లో కడలూరు జిల్లాలో చనిపోయిన రాజాకన్నుది కురవ కులం. మన యెరుకలవాళ్లకు దగ్గరి బంధువులే.

ప్రపంచం తర్వాత కొంచెం కదిలింది. 1984లో ఐక్యరాజ్యసమితి హింస వ్యతిరేక ఒప్పందం వచ్చింది. హింసించిన అధికారి మీ దేశంలో దొరికితే, నేరం ఎక్కడ జరిగినా సరే, మీరే విచారించండి లేదా విచారించే దేశానికి అప్పగించండి అన్నది అందులో గట్టి మాట. బ్రిటన్ 1988లో దీనికోసం చట్టం చేసుకుంది. 1998లో చిలీ మాజీ నియంత పినోచెట్ వైద్యానికి లండన్ వస్తే అక్కడే అరెస్టు చేశారు. మాజీ దేశాధినేత అయినా హింసకు రక్షణ లేదని 1999లో అక్కడి అత్యున్నత న్యాయమూర్తులు తేల్చారు. చివరికి ఆరోగ్యం బాగాలేదని ఇంటికి పంపించేశారు, అది వేరే సంగతి. 2005లో అఫ్గానిస్తాన్‌కు చెందిన ఫర్యాదీ జర్దాద్ అనే కమాండర్‌కి లండన్‌లో 20 ఏళ్లు పడింది. కాబూల్ నుంచి వీడియోలో సాక్ష్యాలు చెప్పారు. నేపాల్ కర్నల్ కుమార్ లామాని 2013లో ఇంగ్లాండులో పట్టుకున్నారు, 2016లో కేసు నిలబడలేదు. జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022 జనవరిలో సిరియా అధికారి అన్వర్ రస్లాన్‌కి యావజ్జీవం వేసింది. సిరియా నుంచి పారిపోయి వచ్చిన బాధితులు తమని హింసించినవాడిని జర్మనీ కోర్టులో ఎదురుగా చూశారు.

మనకు అన్నిటికన్నా దగ్గరగా తగిలేది కెన్యా కథ. 1950లలో మౌ మౌ తిరుగుబాటు అణచడానికి బ్రిటిష్ వాళ్లు క్యాంపుల్లో పెట్టి హింసించిన ముసలివాళ్లు లండన్ హైకోర్టుకు పోయారు. అది మేము కాదు, అప్పటి కెన్యా సర్కారు అన్నారు బ్రిటిష్ ప్రభుత్వం వాళ్లు. 'నేటివ్ నౌకర్లు' అన్న పాత పాటే. దాచిపెట్టిన వలస కాలపు ఫైళ్లు బయటపడ్డాయి. 2013 జూన్‌లో 5,228 మందికి 19.9 మిలియన్ పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుని, విచారం వ్యక్తం చేశారు. అది జైలు శిక్ష కాదు, నష్టపరిహారం మాత్రమే. అయినా పిక్టన్ కేసు తర్వాత రెండు వందల ఏళ్లకు అక్కడి కోర్టు తలుపు ఒకటి తెరుచుకుంది.

మన దేశం ఎక్కడ ఆగిందంటే, ఆ ఒప్పందం మీద 1997 అక్టోబర్ 14న సంతకం చేసింది, ఆమోదించడం ఇప్పటికీ చేయలేదు. 2010లో లోక్‌సభ హింస నిరోధక బిల్లు పాస్ చేసింది, రాజ్యసభ సెలెక్ట్ కమిటీకి పోయి ఆ బిల్లు మురిగిపోయింది. 2017లో లా కమిషన్ 273వ రిపోర్టులో చట్టం చేయమని మళ్లీ చెప్పింది. దీనివల్ల నష్టం మనకే కాదు, ప్రభుత్వానికి కూడా. పురూలియా ఆయుధాల కేసులో నీల్స్ హోల్క్‌ని అప్పగించమంటే, ఇండియాలో హింసించే ప్రమాదం ఉందని డెన్మార్క్ కోర్టు 2011లో కాదంది.

విదేశంలో మనవాళ్లకు జరిగితే? కడప జిల్లా నుంచి కువైట్‌కి ఇంటి పనికి పోయిన అక్కలు ఎంతమందో. అక్కడి యజమాని కొడితే మన కోర్టు అతన్ని విచారించలేదు. నేరం చేసినవాడు భారత పౌరుడైతేనే, అదీ కేంద్రం అనుమతిస్తేనే, బయట జరిగిన నేరం ఇక్కడ విచారణకు వస్తుంది. పాత సీఆర్‌పీసీలో 188, ఇప్పుడు 208వ సెక్షన్. కానీ అబద్ధం చెప్పి పంపిన ఏజెంటు ఇక్కడే ఉంటాడు, మోసం ఇక్కడే జరిగింది. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. ఇంట్లోవాళ్లు ఫిర్యాదు పెట్టగలిగేది అక్కడ. పాస్‌పోర్టు, వీసా కాపీలు, ఏజెంటుకు ఇచ్చిన డబ్బు రసీదో ఫోన్‌పే స్క్రీన్‌షాటో, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు అన్నీ దాచి పెట్టుకోమనండి.

ఇక సొంత గడ్డ. 2007 ఆగస్టులో విశాఖ మన్యం వాకపల్లిలో 11 మంది కోందు ఆడవాళ్లు గ్రేహౌండ్స్ పోలీసుల మీద అత్యాచారం ఫిర్యాదు చేశారు. విచారణ మొదలవ్వడానికే పదేళ్లు పైగా పట్టింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు పోలీసుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అదే కోర్టు చెప్పింది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇవ్వమంది. ఫిర్యాదు ఎవరి మీదో, దర్యాప్తు కూడా వాళ్ల శాఖే చేయడం. 1816 నాటి తహసీల్దారు కచేరీ గుర్తొస్తే అది మా తప్పు కాదు.

చివరగా గ్రూప్‌కి ఒక పని. చెన్నైలో చదువుతున్నవాళ్లు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి పోయే వీలుంటే, 1854-55 బళ్లారి జిల్లా రెవెన్యూ కాగితాలు అడిగి చూడండి. ఆలూరు, ఆదోని తాలూకాల నుంచి పోయిన అర్జీలు ఏమైనా కనిపిస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదవలేని పాత చేతిరాతైనా పర్లేదు, కలిసి కూడబలుక్కుందాం. ఊళ్లో ఉన్నవాళ్లు పెద్దల్ని అడగండి: వేళ్లు నొక్కే 'చిరట' గురించి గానీ, మెడకూ కాలికీ తాడేసి వంచే శిక్ష గురించి గానీ ఎవరైనా విన్నారా, మన గోర్ బోలిలో, యెరుకల మాటలో వాటికి పేర్లు ఉన్నాయా అని. ఉంటే కామెంట్‌లో ఊరు పేరుతో రాయండి.